నాకేమీ కాడని చెప్పను

పెద్దమందడి దగ్గర మా కారును లారీ గుద్దిన సంగతి ఇప్పటికి ఎంతమందికి చెప్పానో లెక్కే లేదు. పోలీసులకు చెప్పాను, దవాఖానలో చెప్పాను, బీమా కంపెనీల వాళ్లకు చెప్పాను. వనపర్తి బస్సులో నా పక్కన కూర్చున్న ఆవిడకు కూడా చెప్పాను. అందరికంటే బాగా విన్నది ఆ బస్సావిడే. అంతా విని "అయ్యో" అంది. కంపెనీల వాళ్లు అయ్యో అనరు. "ఆధారం ఉందా?" అంటారు.

మాది మానవపాడు. పత్తి విత్తనం పండిస్తాం. మామూలు పత్తి కాదు, విత్తనాల కంపెనీల కోసం పండించే పత్తి. సాయంత్రం పూట ఒక్కో మొగ్గ తొక్క ఒలిచి, పొద్దున్నే మగపువ్వు తెచ్చి దానికి రుద్దాలి. వేలికొసలతో చేసే పని. ఏమాత్రం గట్టిగా పట్టినా మొగ్గ రాలిపోతుంది. మా కోడలు జమ్ములమ్మ ఆ పనిలో దిగితే పక్క చేలవాళ్లు వచ్చి చూసేవాళ్లు. మాట్లాడుతూనే ఉంటుంది, వేళ్లు మాత్రం వాటి పని అవి చేసుకుపోతుంటాయి. అటువంటి కోడలి కుడిచెయ్యి ఆ రోజు కారులో నలిగింది. నేను చెప్పబోయేదంతా ఆ చెయ్యి గురించే.

ఎండాకాలం సెలవులు ఇచ్చారని, నాగర్‌కర్నూల్ హాస్టల్లో ఉన్న మనవరాలు కావ్యను తీసుకురావడానికి బయలుదేరాం. నా కొడుకు గోవిందు నడుపుతున్నాడు. జమ్ములమ్మ అతని పక్కన కూర్చుంది. వెనక సీటంతా నాదే, నా రొట్టెల మూటదే. పెద్దమందడి దిక్కు వచ్చేసరికి ఇక నా నోరు ఆగలేదు. అది నా పుట్టింటి దిక్కు మరి. ఆ గుట్ట కింద మా నాయన వేరుశనగ వేసేవాడు. ఆ వంక దగ్గర నేను చెప్పు పోగొట్టుకుని ఏడిస్తే మా నాయన తన చెప్పులు కూడా విడిచి నాతో పాటే ఉత్త కాళ్లతో నడిచాడు. మా అమ్మానాన్నలకు నేనొక్కదాన్నే. వాళ్లు పోయాక ఆ ఊళ్లో నేను దిగింది లేదు, నన్ను రమ్మన్నవాళ్లూ లేరు.

"అగో, ఆ గుట్ట చూడు గోవిందూ..."

"చూసినమ్మా. ఎప్పుడొచ్చినా చూస్తనే ఉన్న. గుట్ట ఆడ్నే ఉన్నది, యాడికీ పోలే."

"పోతే నువ్వు తెస్తవా?"

జమ్ములమ్మ నవ్వింది. ఆమె నవ్వు ఇంకా అయిపోలేదు, మా ముందు వెళ్తున్న వ్యాను నెమ్మదించింది. గొర్రెల మంద రోడ్డు దాటుతోంది. గోవిందు కూడా నెమ్మదించి, వ్యాను వెనక ఆపాడు. వెనక వస్తున్న లారీ మాత్రం ఆగలేదు. నా వెనక ఆకాశం విరిగిపడ్డట్టు చప్పుడైంది. మా కారు ఎగిరి ముందున్న వ్యాను కిందికి దూరింది. అప్పుడు రెండో చప్పుడు. ఆ రెండో చప్పుడులోనే కోడలి చెయ్యి తలుపుకూ ముందు బల్లకూ మధ్య ఇరుక్కుంది.

దుమ్ములో ఏమీ కనబడలేదు. గోవిందు తల స్టీరింగు మీద వాలిపోయి ఉంది. జమ్ములమ్మ అరవడం లేదు, అందుకే నాకు భయమేసింది. బండ్లు పక్కనుంచి పోతున్నాయి, ఆగి చూసి పోతున్నాయి. కొందరు ఫోన్లు ఎత్తిపట్టి మరీ చూస్తున్నారు. నాకు ఎక్కడి నుంచి వచ్చిందో ఆ గొంతు, కిటికీలోంచి తల బయటపెట్టి అరిచాను.

"ఓ... ఎవరన్న రాండ్రి! నేను ఈ ఊరి ఆడబిడ్డను! మీ ఊరి ఆడబిడ్డ సస్తుంటే సూస్తరా?"

రోడ్డు అవతల పంక్చరు దుకాణం ఉంది. అందులోంచి ఒక గొంతు.

"వస్తున్న అత్తా! కదలకు, వస్తున్న!"

టైర్లు ఊడదీసే ఇనుప కడ్డీ పట్టుకుని ఒకాయన పరుగెత్తుకొచ్చాడు. ఆ కడ్డీతో తలుపు విరగ్గొట్టి ముందు కోడల్ని తీశాడు, తర్వాత కొడుకును, చివరకు నన్ను. "అత్తా, చెయ్యియ్యి" అంటే చెయ్యిచ్చాను. వనపర్తి దవాఖాన దాకా మాతోనే వచ్చాడు. దుకాణం తెరిచే ఉంచి వచ్చాడని తర్వాత తెలిసింది. దవాఖానలో నాకు చాయ్ తాగిస్తుంటే అడిగాను.

"నీ పేరేంది అల్లుడా?"

"కురుమూర్తి, అత్తా."

అంతే. ఊరి ఆడబిడ్డ అంటే ఆ ఊళ్లో అన్నదమ్ముల వయసు వాళ్లకు చెల్లెలు, వాళ్ల పిల్లలకు మేనత్త. పిలిచిన దాన్ని బట్టి వరస. నాకున్నది ఇద్దరూ కొడుకులే, ఆడపిల్ల లేదు. తోబుట్టువులూ లేరు కాబట్టి మేనల్లుడూ లేడు. అల్లుడా అని నోరారా పిలవడం నా జన్మలో అదే మొదలు.

ఇక బీమా సంగతి. మా పాత కారుకు ఉన్నది థర్డ్ పార్టీ ఒక్కటే. అంటే మనం ఎవరినైనా గుద్దితే వాళ్లకు ఇస్తారట, కారులో ఉన్న మనం చచ్చినా ఇవ్వరట. ఇదేం బీమానో నాకు ఇప్పటికీ తలకెక్కలేదు. వ్యాను బీమా కంపెనీ, మా వ్యాను తన దారిన తాను పోతోంది, మాకేం సంబంధం అంది. లారీ బీమా కంపెనీ అయితే కథ తిరగరాసింది. గోవిందే చూసుకోక వ్యానుకు గుద్దుకుని నడిరోడ్డు మీద నిలిచిపోయాడట, ఆ తర్వాతే లారీ వచ్చి తగిలిందట. కాబట్టి కోడలి చేతికి తాము బాధ్యులం కాదట.

రెండు చప్పుళ్లలో ఏది మొదటిది? మొత్తం తగాదా ఇంతే. వెనక చప్పుడు మొదటిదైతే తప్పు లారీది, ముందు చప్పుడు మొదటిదైతే నా కొడుకుది. జమ్ములమ్మ చేతికి మొదటి ఆపరేషన్ అయింది గానీ వేళ్లు ముడుచుకోవడం లేదు. రెండోది హైదరాబాదులో చేయించాలి, చేయిస్తే వేళ్లు వస్తాయి అన్నాడు డాక్టరు. లారీ కంపెనీ ఇస్తేనే ఆ ఆపరేషన్.

వానాకాలంలో ఆ కంపెనీ తరఫున విచారణ చేయడానికి జగదీశ్ అనే అబ్బాయి వచ్చాడు. మర్యాదస్తుడు. చెప్పులు బయట విడిచి, "పెద్దమ్మా, జర మంచినీళ్లిస్తవా?" అంటూ వచ్చాడు. నీళ్లేమిటి, రొట్టె పెట్టాను, వంకాయ కూర వేశాను, రెండోసారి కూడా వేశాను. తింటూ అడిగాడు.

"ముందు ఏం గుద్దింది పెద్దమ్మా?"

"ముందు వెనకనే బిడ్డా. ముందు తగిలింది వెనక."

నేను చెప్పింది సరిగ్గానే చెప్పాను. మొదట తగిలింది వెనక భాగం అని. కానీ మన భాషలో ముందు అంటే మొదట అనీ అవుతుంది, ఎదుట అనీ అవుతుంది. వెనక అన్నా అంతే. నేను చేతులు తిప్పి చూపిస్తూ చెప్పాను, ఆయనేమో పళ్లెంలోకి చూస్తూ విన్నాడు. "వాహనం ముందు భాగమే ముందు తగిలిందని ప్రయాణికురాలు ఒప్పుకుంది" అని రాసుకుపోయాడు.

వెళ్లబోతూ ఇంకొకటి అడిగాడు.

"ఆ పంక్చర్ దుకాణమాయన మీకేమైతడు పెద్దమ్మా?"

"అల్లుడైతడు."

"అట్లనా" అని అదీ రాసుకున్నాడు. మజ్జిగ తాగి మరీ పోయాడు.

దసరాకు కురుమూర్తి మానవపాడు వచ్చాడు. జమ్మి ఆకు నా చేతిలో పెట్టి కాళ్లకు మొక్కాడు. నేను కొత్త బట్టలు పెట్టాను. అల్లుడికి బట్టలు పెట్టే యోగం నాకు రాసిపెట్టి లేదనుకున్నదాన్ని, ఊరుకుంటానా? కావ్య ఫోటో తీసి, "మా నాయనమ్మ అల్లుడు" అని వాట్సాప్ స్టేటస్ పెట్టింది. దాని ఫోన్లో జగదీశ్ నంబరు కూడా దాచుకుని ఉంది, పనికొస్తుందని. పనికొచ్చింది, వాళ్లకు. ఆ స్టేటస్ అతనూ చూశాడు.

కేసు వనపర్తి కోర్టుకు పోయింది. మా వకీలు హెప్సిబా, గద్వాల అమ్మాయి. కంపెనీ దాఖలు చేసిన కాగితాలు తెచ్చి మా ముందు పరిచింది. అందులో నా ఫోటో ఉంది, బట్టలు అందిస్తూ నవ్వుతున్నాను.

"అమ్మా, మీ మాటను వాళ్లు ముందూ వెనకా చేసి పనికిరాకుండా చేసిన్రు. గుద్దినప్పుడే గోవిందన్నకు స్పృహ పోయింది, జమ్ములమ్మది ఎట్లన్న సొంత మాటే అంటరు. వ్యాను డ్రైవరు సాక్ష్యానికి రానంటుండు. మనకు మిగిలింది కురుమూర్తి ఒక్కడే. వాళ్లు మీ గురించి ఏమంటున్నరంటే, నర్సమ్మ పుట్టిల్లు అదే ఊరు, సాక్షిదీ అదే ఊరు, కాబట్టి మేనల్లుడు, సొంత మనిషి కోసం అబద్ధం చెప్తుండు అని."

"మేనల్లుడే" అన్నాను.

హెప్సిబా ఓపిక పట్టుకుంది. "అమ్మా, రక్తసంబంధం ఉన్నదా?"

"లేదు."

"చుట్టరికం?"

"లేదు."

"అయితే ఒక్కటే చెప్పండి కోర్టుల. 'ఆయన నాకేమీ కాడు.' గంతే. అది నిజమే గదా?"

"నిజం కాదు బిడ్డా."

గోవిందు లేచాడు. "ఏందమ్మా నీ లొల్లి! ఒక్క మాట గదా! కురుమూర్తన్నకు మనం చెప్తం, ఆయన ఏమనుకోడు."

"ఆయన అనుకోడు. నేననుకుంట." నాకు కోపం వచ్చింది. "లారీ ఓనరు మనుషులు ఆయన దుకాణం ముందట నిలబడి, ఏం చూడలేదని చెప్పు అన్నరు. చెప్పిండా? బండ్లు ఆపనీయకుంట వారం బేరం చెడగొట్టిన్రు. అప్పుడన్న చెప్పిండా? ఈ నర్సమ్మ నాకేమైతది అనుకుంటే ఆయనకు ఏ లొల్లీ లేకపోవు. ఇప్పుడు పదిమందిల నిలబడి నేను అనాల్నా, ఈడు నాకేమీ కాడని? సచ్చినోళ్ల గురించి గూడ అట్ల అనం."

"మరి జమ్ములమ్మ చెయ్యి?"

జమ్ములమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది, కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకుని. ఆ చెయ్యి ఇప్పుడు ఎక్కడ పెడితే అక్కడే ఉంటుంది. నేను ఆమె వైపు చూడలేకపోయాను. ఆమే అంది.

"నువ్వేం చెప్తవో చెప్పు అత్తా. గాని గెలిచేటట్టు చెప్పు."

వాయిదా రోజు కురుమూర్తి నేను పెట్టిన దసరా బట్టలే వేసుకుని కోర్టుకు వచ్చాడు. హెప్సిబా చూసి నుదురు పట్టుకుంది. "ఉన్నయి గవే మంచియి మేడం" అన్నాడు పాపం.

నన్ను బోనెక్కించారు. కంపెనీ వకీలు నల్లకోటు సర్దుకుని లేచాడు. వయసులో మా గోవిందంత ఉంటాడు. ఫోటో చూపించాడు.

"ఇందులో ఉన్నది మీరేనా?"

"నేనే. చీర కావ్య కట్టింది."

"మీరు బట్టలు ఇస్తున్న ఈ మనిషి ఎవరు?"

"కురుమూర్తి."

"మీకేమవుతాడు?"

హెప్సిబా నా వైపే చూస్తోంది. గోవిందు రెండు చేతులూ జోడించి ఉన్నాడు, దేవుడికో నాకో తెలియలేదు.

"అల్లుడైతడు" అన్నాను.

"ఒక్క మాటలో చెప్పండి. అల్లుడు అవునా, కాదా?"

"ఒక్క మాటలనే గదా చెప్పింది. అల్లుడు."

కోర్టులో గుసగుస. ఆయన జడ్జి వైపు తిరిగి నవ్వి, ఇక అడిగేది లేదండీ అని కూర్చున్నాడు. హెప్సిబా కలం బల్ల మీద పెట్టేసింది. బంట్రోతు నన్ను దిగమన్నాడు. నేను బోను కమ్మీ పట్టుకుని నిలబడ్డాను.

"నేను దిగ."

"దిగాలమ్మా, అయిపోయింది."

"యాడ అయిపోయింది? అడగాల్సింది అడగకుంటనే కూసుండె ఆ సారు."

జడ్జి గారు కళ్లద్దాల పైనుంచి చూశారు. "ఏమి అడగాలమ్మా?"

"ఎప్పటి సంది అల్లుడు అని అడగలేదు సారూ."

ఆయన "సరే, నేను అడుగుతున్నా. ఎప్పటి నుంచి?" అన్నారు.

"లారీ గుద్దినప్పటి సంది."

నేను చెప్పుకుపోయాను. మా నాయనకు నేనొక్కదాన్నేనని, నాకు అన్నదమ్ములు లేరని, కావాలంటే ఆ ఊళ్లో ఎవర్నైనా అడుక్కోండని చెప్పాను. దుమ్ములో అరిచిన మాట అరిచినట్టే మళ్లీ అరిచాను. బయట చెట్టు కింద ఉన్నవాళ్లు కూడా లోపలికి తొంగిచూశారు.

"నేను ఆడబిడ్డను అంటే, ఆయన అత్తా అన్నడు. గంతకుముందు ఆయన మొఖం నేను చూడలే, నా మొఖం ఆయన చూడలే. లారీ ఎట్ల గుద్దిందో చూసినప్పుడు ఆయనకు నేను ఎవ్వరినీ కాను. చూసినంకనే అల్లుడైండు. ముందు చూసిండు, వెనక అల్లుడైండు. ఈ ముందూ వెనకా అన్న సరిగ్గ రాసుకోండ్రి సారూ, పోయినసారి తిప్పి రాసిన్రు."

జడ్జి గారు తల వంచుకుని టైపిస్టుకు ఏదో చెప్పారు. నవ్వు దాచుకున్నారో ఏమో. కంపెనీ వకీలు మళ్లీ లేచాడు.

"ఇదంతా తర్వాత అల్లిన కథ. పిలుపు ఎప్పుడు మొదలైనా, వరస పెట్టుకున్న మనిషి ఆమె పక్షమే మాట్లాడతాడు. మా కంపెనీ విచారణ నివేదికే నమ్మదగింది."

నాకు కావలసింది అదే. తలుపు దగ్గర జగదీశ్ నిలబడి ఉన్నాడు, అతని సాక్ష్యం కూడా ఆ రోజే. వేలు పెట్టి చూపించాను.

"నివేదిక రాసింది ఆ పిల్లగాడే గదా సారూ. వరస కలిపినోని మాట చెల్లకపోతే, ఆయన మాటెట్ల చెల్లుతది? మా ఇంటికొచ్చి నన్ను పెద్దమ్మా అన్నడు. పెద్దమ్మ అంటే కన్నతల్లికి అక్క. అంటే నాకు కొడుకు. అల్లునికంటె కొడుకు దగ్గరోడు గదా? కొట్టెయ్యుండ్రి మరి ఆయన రాసింది గూడ!"

"ఆమె వరస పెట్టి పిలిపించుకోవడం..." అని వకీలు ఏదో అనబోయాడు.

"నేను పిలిపించుకోలే! అడుగుండ్రి. ఏం జగదీశూ, పిలిచినవా లేదా?"

జగదీశ్ అటూ ఇటూ చూశాడు. తన వకీలు కళ్లెర్రజేశాడు. జడ్జి గారు చెప్పమన్నట్టు తలాడించారు. పాపం, ఆ అబ్బాయి నోట్లోంచి అలవాటు కొద్దీ వచ్చేసింది.

"పిలిచిన పెద్దమ్మా."

ఇక కోర్టంతా నవ్వులే. బంట్రోతు గోడవైపు తిరిగి నవ్వాడు. జగదీశ్ చెవులు ఎర్రబడ్డాయి. నాకు అతని మీద కోపం పోయింది. మంచి పిల్లవాడే, తిండి మీద ధ్యాసలో సరిగ్గా వినలేదు, అంతే.

నా తర్వాత కురుమూర్తిని పిలిచారు. లారీ మొదట వెనక నుంచి గుద్దిందనీ, ఆ ఊపుకే కారు వ్యానుకు తగిలిందనీ, తాను అప్పుడు దుకాణం ముందు రోడ్డు వైపే చూస్తూ ట్యూబుకు గాలి కొడుతున్నాననీ చెప్పాడు. వకీలు ఎన్ని రకాలుగా తిప్పి అడిగినా అదే చెప్పాడు. చివరికి, "ఆమె మీకేమవుతుంది?" అని అడిగితే చొక్కా సర్దుకున్నాడు.

"మా ఊరి ఆడబిడ్డ సార్. మాకు అత్త."

బయటికి రాగానే కంపెనీ మనిషి ఒకాయన హెప్సిబాను పక్కకు పిలిచి, రాజీకి వస్తే ఎంతోకొంత ఇప్పిస్తామన్నాడట, తప్పు సగం గోవిందుదని సంతకం పెడితే. ఆమె నా దగ్గరికి వచ్చి చెప్పింది. నేను జమ్ములమ్మ వైపు చూశాను.

"నీ మొగడు తప్పు చేసిండా?"

"చెయ్యలే అత్తా."

"మరి సగం తప్పు యాడికెళ్లి తెస్తం?"

జమ్ములమ్మ ఆ మనిషి దగ్గరికి తానే నడిచి వెళ్లింది. కుడిచేతిని ఎడమచేత్తో ఎత్తిపట్టి ఆయన ముందు పెట్టింది. "ఇది పూర్తిగ నలిగింది సార్. సగం నలగలే" అని చెప్పి వచ్చేసింది. అంతకంటే బాగా నేను కూడా చెప్పి ఉండేదాన్ని కాదు.

తీర్పు మాకే వచ్చింది. తప్పు లారీదేనని, కురుమూర్తి మాట నమ్మదగిందేనని జడ్జి గారు రాశారు. వరస అనేది ప్రమాదం తర్వాత ఏర్పడిందని కూడా అందులో ఉందని హెప్సిబా చదివి వినిపించింది. ఆ ముక్క నేను రెండుసార్లు చదివించుకున్నాను. కంపెనీ హైకోర్టుకు పోయింది. కానీ కొంత భాగం ముందే కట్టాల్సి వచ్చింది, దాంతో హైదరాబాదులో ఆపరేషన్ అయింది.

చూపుడు వేలు ఇంకా పూర్తిగా వంగదు. మిగతావి వంగుతున్నాయి. ఈ పంటకు జమ్ములమ్మ చేలోకి దిగింది. మొదటి రోజు మొగ్గలు చాలా రాలిపోయాయి. తిట్టుకుంది, మొగ్గల్ని, లారీవాణ్ని, నన్ను కూడా. రెండోరోజు మళ్లీ దిగింది. ఇప్పుడు తక్కువే రాలుతున్నాయి.

మొన్న దసరాకు కురుమూర్తి మళ్లీ వచ్చాడు, ఈసారి పెళ్లాం పిల్లలతో. బట్టలు పెడుతుంటే కావ్య ఫోన్ ఎత్తి, మళ్లీ దించేసింది.

"హైకోర్టుల కేసున్నది నాయనమ్మా. హెప్సిబా మేడం ఫోటోలు పెట్టొద్దన్నది."

"తియ్యి."

"వాళ్లు మళ్ల చూస్తరే!"

"చూడనియ్యి. పోయినసారి అల్లుడు అనే రాసినవు, ఏ అల్లుడో వాళ్లకు తెల్వకపాయె. ఈసారి పేరు రాయి. కురుమూర్తి, నర్సమ్మ అల్లుడు, లారీ గుద్దినప్పటి సంది అని రాయి."

జమ్ములమ్మ బట్టల పళ్లెం రెండు చేతులతో పట్టుకుని నా పక్కకు వచ్చి నిలబడింది. కావ్య ఫోటో తీసింది.